కళ్ళు తెరవని కారు

"చెప్పులు అక్కడే విప్పి రండమ్మా," అన్నాడు ఆదిశేషయ్య.

మార్త తెల్లబోయింది. ఎదురుగా ఉన్నది పూజగది కాదు, కారు షెడ్డు. ఇన్సూరెన్స్ కంపెనీలో ఏళ్ళ తరబడి యాక్సిడెంట్ బళ్ళ సంగతి తేల్చి తేల్చి, విసుగు పుట్టి, పటమటలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరుచుకున్న మనిషి ఆమె. నుజ్జునుజ్జయిన లారీల కిందకి కూడా పాకి చూసింది. చెప్పులు విప్పి కారు షెడ్డులో అడుగుపెట్టడం మాత్రం అదే మొదటిసారి.

విప్పింది. పాలరాతి నేల అరికాళ్ళకి జిల్లుమంది. డిసెంబరు ముసురు పట్టి, ఉయ్యూరు చెరకు తోటల మీద మబ్బు బాగా కిందికి దిగింది. మధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవాల్సిన వెలుతురు. బయట గాలినిండా బెల్లప్పాకం వాసన. లోపలికి రాగానే ఆ వాసన తెగిపోయి కర్పూరం తగిలింది. ఆ కర్పూరం అడుగున, ఎన్ని అగరొత్తులు వెలిగించినా పోని పొగ కంపు.

వారం క్రితం ఈ పొగలోనే ఆదిశేషయ్య కొడుకు సాయిగణేష్ ప్రాణం పోయింది. కారు డ్రైవరు సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఇంజను పెట్రోలు అయిపోయేదాకా తిరిగి ఆగిపోయింది. తెల్లారి పూలు పట్టుకుని వచ్చిన తండ్రే మొదట చూశాడు. షట్టరుకి బయటనుంచి తాళం వేసి ఉంది. ఆ తాళానికి చెవులు రెండే. ఒకటి ఆదిశేషయ్య ఇంట్లో ఉంటుంది, రెండోది కారు బాగోగులు చూసే మెకానిక్ డేనియల్ దగ్గర.

డేనియల్ మార్త సొంత చెల్లెలు కృప మొగుడు. నిన్న సాయంత్రం నుంచి స్టేషన్లో ఉన్నాడు. ఇవాళ పొద్దుగూకేలోపు అరెస్టు చూపించి కోర్టుకి పంపేస్తారు. హత్య కేసులో ఒకసారి లోపలికి వెళితే మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో ఆ ప్రభువుకే తెలియాలి. కృపకి ఏడో నెల. పొద్దున ఫోన్లో ఏడవను కూడా ఏడవలేదు. "అక్కా, ఏదోటి చెయ్యవే," అని మాత్రం అంది. ఆ ఒక్క మాటా మార్త గుండెలో ముల్లులా దిగబడి ఉంది.

సీఐ రామకోటేశ్వరరావు బూట్లతోనే లోపలికి వచ్చాడు. నేల మీద బురద అడుగులు పడ్డాయి. ఆదిశేషయ్య వాటి వంక చూసి తల తిప్పుకున్నాడు.

"పెద్దాయన అడిగారు గనక ఒప్పుకున్నాను మార్తగారూ. ముద్దాయి మీ మరిది. అసలు మీరు ఈ గుమ్మం తొక్కటమే తప్పు," అన్నాడు సీఐ.

"సాయంత్రం దాకా ముద్దాయి కాదుగా సార్. అనుమానితుడే."

"మాటలకేం, మీరు ఎప్పుడూ తక్కువ తినలేదు."

పాత కక్ష అది. ఒకప్పుడు ఆయన ప్రమాదమని రాసిన ఓ లారీ దహనం ఎవరో కావాలని పెట్టిన మంటేనని ఆమె తేల్చింది. పేపర్లో ఆమె పేరు పడింది, ఆయనకి బదిలీ పడింది. మనిషికి మతిమరుపు ఎక్కువే గానీ ఆ సంగతి మాత్రం మరిచిపోయినట్టు లేదు.

మార్త జవాబు చెప్పబోయి ఆగిపోయింది. షెడ్డు మధ్యలో ఏదో కదిలింది.

కారు మీద పైనుంచి కింద దాకా తెల్లటి నేతగుడ్డ కప్పి ఉంది. మూడు తరాలుగా చేనేత బట్టల వ్యాపారం చేసే ఇల్లు కదా, కారు ముసుగు కూడా మగ్గం మీద నేయించుకున్నారు. ఆ గుడ్డ నెమ్మదిగా పైకి లేచింది. కాసేపు అలాగే ఉండి కిందికి దిగింది. మళ్ళీ లేచింది. కింద ఎవరో పడుకుని నిద్రపోతున్నట్టే ఉంది.

మార్త ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"భయపడకండి. తేమ పట్టకుండా ముసుగు కింద చిన్న ఫ్యాన్ పెట్టించాడు మా బావమరిది. కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగుతుంది," అంటూ వెనకనుంచి వచ్చాడు ఉమామహేశ్. ఆదిశేషయ్య అల్లుడు, సాయిగణేష్ అక్క జ్యోతిర్మయి భర్త. విజయవాడలో పాత కార్లు కొని అమ్ముతాడు. నలభై ఏళ్ళు ఉంటాయి, మెత్తటి మనిషి. వారం నుంచి నిద్ర లేనట్టు కళ్ళు గుంటలు పడ్డాయి. చెప్పులు అతనూ గుమ్మం బయటే విప్పాడు.

అతనే వెళ్ళి ముసుగు మడతలు పెడుతూ తీశాడు. నేరేడుపండు రంగు కారు బయటపడింది. నేలకి ఆనుకున్నంత కిందికి ఉంది. డ్రైవరు సీట్లో సాయిగణేష్ నవ్వుతున్నాడు. అది దండ వేసిన ఫోటో అని మార్తకి తెలియడానికి ఓ క్షణం పట్టింది. ఫోటోకి సీటు బెల్టు పెట్టి ఉంది.

"జారిపోకుండా నేనే పెట్టానమ్మా," అన్నాడు ఆదిశేషయ్య సంజాయిషీగా. "వాడికి ఇదంటే ప్రాణం."

"బయట తిప్పేవాడా?"

"తిప్పితే విలువ పోతుందనేవాడు. కొన్నప్పుడు ఇంటికి తెచ్చిందే. నేను తిట్టేవాణ్ణి. ఏరా, మనం నేసిన చీర ఎవరూ కట్టుకోకుండా బీరువాలో పెడితే దానికేం అందం అని. నాన్నా, ఇది కొన్నేళ్ళకి క్లాసిక్ అవుతుంది, అప్పుడు దీన్ని చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు అనేవాడు. ఆ మాట వాడి నోట్లో పెట్టింది డేనియలే."

సీఐకి ఊపు వచ్చింది. జేబులోంచి ఫోన్ తీశాడు. "అదే నా కేసు. మీ మరిది వీడియో చూశారా? చూడండి."

మార్త చూడనక్కర్లేదు. గత క్రిస్మస్‌కి ఇంటిల్లిపాదీ బిర్యానీ ముందు కూర్చుని ఉంటే, చల్లారిపోతున్నా తిననివ్వకుండా డేనియల్ ఈ ప్రసంగమే చేశాడు. అయినా ఫోన్లో డేనియల్ గొంతు షెడ్డంతా నిండింది. "చేత్తో గేరు వేసే చివరి బళ్ళండీ ఇవి. పెట్రోలు ఇంజను ఇంత హాయిగా అరిచేది ఇంక రాదు. రేపు అన్నీ బ్యాటరీ బళ్ళే. పాతికేళ్ళు పోనివ్వండి, ఇది క్లాసిక్ కాకపోతే నా పేరు మార్చుకుంటా. ఇలాంటి బండి కోసం ప్రాణమైనా ఇవ్వచ్చండీ."

సీఐ ఫోన్ ఆపాడు. "ప్రాణం ఇవ్వచ్చంట. తీయచ్చని కూడా అనుకున్నాడు. సాయిగణేష్ చివరి ఫోన్ డేనియల్‌కే. ఆ సాయంత్రం డేనియల్ ఇక్కడికి వచ్చాడు, రోడ్డు మీద కెమెరాలో ఉన్నాడు. షెడ్డు తాళంచెవి అతని దగ్గరుంది. ఇంకేం కావాలి మీకు?"

"ఆ ఫోన్లో సాయిగణేష్ ఏమన్నాడో చెప్పలేదా డేనియల్?"

"చెప్పాడు. 'డేనియల్, వెంటనే రా, నీకొకటి చూపించాలి. నేనేం చెప్పను, నువ్వే చూసి చెప్పు' అన్నాడంట. తీరా వస్తే షెడ్డుకి తాళం వేసి ఉందంట, ఫోన్ ఎత్తలేదంట, వెళ్ళిపోయాడంట. మనం నమ్మాలంట."

"తన దగ్గర తాళంచెవి ఉందిగా, తీసి చూడలేదే?"

"అదే నేనూ అడిగాను. యజమాని లేకుండా తీసే అలవాటు లేదన్నాడు. భలే సత్యహరిశ్చంద్రుడు!"

మార్తకి ఒళ్ళు మండింది. కానీ అక్కడ కోపం వల్ల ఒరిగేదేమీ లేదని తెలుసు. ఉమామహేశ్ వైపు తిరిగింది. "మీరు కార్ల వ్యాపారం చేస్తారుగా మహేశ్‌గారూ. డేనియల్ చెప్పింది నిజమేనా? ఇది క్లాసిక్ అవుతుందా?"

అతను విచారంగా నవ్వాడు. "నా మాట సాయికి నచ్చేది కాదండీ. పాత కార్లు క్లాసిక్ ఎందుకయ్యాయి? సుత్తీ రెంచీ ఉంటే చాలు, యాభై ఏళ్ళ తర్వాతైనా లేచి తిరుగుతాయి. ఇది చక్రాలున్న సెల్‌ఫోన్. ఈ స్క్రీన్ పోతే, సాఫ్ట్‌వేర్ ఆగిపోతే, ఇంత లోహం, ఇంత రబ్బరు. పదేళ్ళనాటి సెల్‌ఫోన్ ఎవరైనా దాచుకుంటారా? దీనికోసం ప్రాణం తీసేవాడు ఉంటాడంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదు."

మార్తకి ఆ జవాబు నచ్చింది. డేనియల్ మీద పెట్టిన కారణాన్ని ఇంటి అల్లుడే కొట్టేస్తున్నాడు. ఈ షెడ్డులో మరిది పక్షాన మాట్లాడే మనిషి ఒకడైనా దొరికాడనిపించి ప్రాణం కొంచెం కుదుటపడింది.

ఆదిశేషయ్య కారు ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి, పసిబిడ్డని పిలిచినట్టు నెమ్మదిగా అన్నాడు. "వచ్చానురా. చూడరా ఒకసారి."

కారు చూడలేదు. ఆయన కాసేపు కదలకుండా నిలబడి, చేతులు దించేశాడు.

సీఐ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఉమామహేశ్ "మావయ్యగారూ, ఊరుకోండి," అంటూ దగ్గరికి వెళ్ళాడు. మార్త మాత్రం ఊరుకోలేదు.

"చూడమంటే, ఏం చూడాలి సార్ అది?"

"కళ్ళు తెరిచేదమ్మా. నేను ఇంత దూరంలోకి రాగానే ముందు దీపాలు రెండూ వెలిగి ఆరేవి. నన్ను గుర్తుపట్టేది." ఆయన పంచె కట్టు దగ్గర తడుముకుని, మొలతాడుకి కట్టిన నల్లటి తాళం బయటికి తీసి చూపించాడు. "ఈ కారుకి రెండు తాళాలు. ఒకటి వాడి జేబులో ఉండేది. ఇంకోటి, నాన్నా నీ దగ్గరే ఉంచు, ఎవరికీ ఇవ్వకు అన్నాడు. స్నానానికి కూడా విప్పను. ఇది ఒంటిమీద ఉంటే చాలు, నొక్కక్కర్లేదు, దగ్గరికి రాగానే కళ్ళు తెరిచేది. ఇప్పుడు తెరవట్లేదు."

"సాయిగణేష్ పోయినప్పటి నుంచా?"

ముసలాయన గొంతు తగ్గించాడు. "కాదమ్మా. వాడు పోకముందు నుంచే. వాడికి వెన్నెముక ఆపరేషన్ అయిందిగా. నేనూ హైదరాబాదులో నెల్లాళ్ళు ఆస్పత్రిలో వాడి దగ్గరే ఉండి, వినాయకచవితి వెళ్ళాక తిరిగొచ్చాను. రాగానే దీని దగ్గరికే వచ్చాను. చూడలేదు. ఆ రోజు నుంచీ మళ్ళీ చూడలేదు. వాడు ఇంకో రెండు నెలలు అక్కడే ఉన్నాడు. ఫోన్లో చెబితే కంగారుపడతాడని చెప్పలేదు. వాడు వచ్చిన మర్నాడే..." ఆయన మాట ఆగి మళ్ళీ అందుకుంది. "దానికి ముందే తెలిసిపోయిందమ్మా. యజమాని పోతాడని. అందుకే కళ్ళు మూసుకుంది."

కారు కింద ఫ్యాన్ ఆగింది. షెడ్డులో ఒక్కసారిగా చెవులు మూసుకుపోయినంత నిశ్శబ్దం. దండలోంచి బంతిరేక ఒకటి రాలి స్టీరింగు మీద పడింది. కారు నిజంగానే అన్నీ వింటూ కళ్ళు మూసుకుని ఉన్నట్టు అనిపించి మార్త ఒక అడుగు వెనక్కి వేసింది. పాదం కింద రాయి గరుకుగా తగిలింది.

నున్నటి పాలరాతి మీద గరుకేమిటి?

కిందికి వంగి చూసింది. ముందు చక్రానికి ఎదురుగా అరచేతంత మేర రాయి మెరుపు చచ్చిపోయి ఉంది. వేలితో రాసింది. మరక కాదు, రాయినే ఏదో కొరికేసింది. ఇలాంటిదే వాళ్ళ అమ్మ వంటింటి గట్టు మీద చూసింది. నిమ్మకాయ కోసి తుడవడం మరిచిపోతే పాలరాయి పని ఇంతే, ఇంక ఏ సబ్బూ దాన్ని బాగుచెయ్యలేదు.

"దసరాకి పూజ చేస్తారా దీనికి?"

"చెయ్యకుండా ఎలాగమ్మా? ఏటా ఆయుధపూజనాడు నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. రోడ్డెక్కదుగా, ముందుకి ఒక్క అడుగు, మళ్ళీ వెనక్కి యథాస్థానానికి."

మార్త నేలమీదే కూర్చుంది. రెండో ముందు చక్రం దగ్గరికి జరిగింది. అక్కడా మచ్చ, సరిగ్గా టైరు మధ్యకి ఎదురుగా. తర్వాత మోకాళ్ళ మీద వెనక్కి పాకింది. సీఐ ఏదో వెక్కిరింపు అన్నాడు. ఆమె చెవికి ఎక్కలేదు.

వెనక చక్రాల దగ్గర కూడా రెండు మచ్చలున్నాయి. కానీ అవి టైరుకి ఎదురుగా లేవు. ఎడమ మచ్చ ఎడమ టైరుకి బయటగా, కుడి మచ్చ కుడి టైరుకి బయటగా ఉన్నాయి. చెయ్యి పెట్టి చూసుకుంది. అటూ ఇటూ మూడేసి వేళ్ళ ఎడం.

"సీఐగారూ, ఒక్కసారి కిందికి రండి."

"ఏముంది అక్కడ?"

"వస్తే కనిపిస్తుంది. మీ మోకాళ్ళు అరిగిపోవులెండి."

ఆయన గొణుక్కుంటూ వంగాడు. మార్త చూపించింది. "ఈ నిమ్మకాయల్ని తొక్కింది ఈ చక్రాలు కాదు."

"బండి వంకరగా పెట్టుంటారు."

"వంకరగా పెడితే రెండు మచ్చలూ ఒకే పక్కకి జరగాలి. ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ ఎలా జరుగుతాయి? ముందు చక్రాలు చూడండి, సూటిగా ఉన్నాయి. ఇన్ని దసరాలు ఇక్కడ నిలబడిన కారుకి వెనక భాగం వెడల్పు ఎక్కువ. దీనికి తక్కువ. ఈ మోడల్లో రెండు రకాలుంటాయి. మామూలుది, రేసుల కోసం కొన్నే తయారుచేసినది. ఆ రెండోదానికే వెనక వెడల్పు. డేనియల్ బిర్యానీ తిననివ్వకుండా చెప్పింది ఈ ముక్కే. క్లాసిక్ అయ్యేది ఆ రకమే. ఇది అది కాదు. రంగూ నంబరు ప్లేటూ అవే, కారు వేరు."

రామకోటేశ్వరరావు లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో వెక్కిరింపు పోయింది గానీ ఒప్పుకోలు రాలేదు. "నిమ్మకాయ మచ్చలు కోర్టులో నిలబడవు."

"శవం జేబులో దొరికిన కారు తాళం మీ దగ్గరే ఉందిగా. నొక్కండి."

ఆయన జేబులోంచి సాక్ష్యాల కవరు తీసి, పైనుంచే తాళం నొక్కాడు. కారు పలకలేదు. గట్టిగా నొక్కాడు. లేదు.

"బ్యాటరీ అయిపోయి ఉంటుంది."

మార్త కారు తలుపు తెరిచింది. లోపలి దీపం చక్కగా వెలిగి, ఫోటోలో సాయిగణేష్ మొహం మీద పడింది. "బ్యాటరీకేం లోటు లేదు. పెద్దాయన మొలతాడు తాళానికి పలకదు, మీ తాళానికీ పలకదు. ఎందుకంటే ఇవి ఈ కారువి కావు. కారు కళ్ళు మూసుకోలేదు ఆదిశేషయ్యగారూ. మీవాడి కారు ఇక్కడ లేదు. మీరు ఇన్నాళ్ళూ మాట్లాడుతున్నది వేరే ఎవరితోనో."

కొడుకు ఫోటోకి బెల్టు పెట్టి, పూలు వేసి, రోజూ పలకరించిన వస్తువు పరాయిది. ముసలాయన మెల్లిగా చెయ్యి చాచి కారుని ముట్టుకోబోయి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"సాయిగణేష్ రాగానే ఇది కనిపెట్టాడు," అంది సీఐతో. "అందుకే డేనియల్‌ని పిలిచాడు, నువ్వే చూసి చెప్పు అని. మార్చినవాడికి ఆ సంగతి తెలిసిపోయింది. ఆపరేషన్ మందుల మత్తులో సాయిగణేష్ సీట్లోనే కునుకు తీస్తుంటే, వాడు ఈ కారు సొంత తాళంతో ఇంజను ఆన్ చేసి, తాళం పట్టుకుని బయటికి నడిచాడు. ఇలాంటి కార్లు తాళం దూరమైనా ఆగవు, తిరుగుతూనే ఉంటాయి."

"అయితే మార్చింది డేనియలే," అన్నాడు సీఐ వెంటనే. "వాడికన్నా ఎవరికి తెలుసు ఈ కారు సంగతి?"

మార్త ఎదురుచూస్తున్నది ఆ ప్రశ్న కోసమే. ఆమెకి ఆవేశం వచ్చింది, మరిది మీద గర్వం కూడా వచ్చింది. గొంతు పెద్దదైంది. "డేనియల్ మార్చి ఉంటే పెద్దాయనకి కారు కళ్ళు తెరిచే ఉండేది! తాళాన్ని కారుకి పరిచయం చెయ్యడం వాడికి లాప్‌టాప్ ముందు అరగంట పని. ఈ పాత తాళాలు రెండూ కొత్త కారుకి పలికేలా చేసేవాడు, ఎవరికీ అనుమానమే వచ్చేది కాదు. అసలు తాళమే లేని కారుకి కొత్తది పుట్టించగలడు. ఈ చుట్టుపక్కల ఈ రకం కార్లకి ఆ పని వచ్చినవాడు వాడొక్కడే. కారు ఎత్తుకుపోయినవాడికి ఆ విద్య రాదు సార్. వస్తే ఈ తప్పు చెయ్యడు."

సీఐ చక్రాల వంక, తన చేతిలో కవరు వంక మార్చి మార్చి చూశాడు. చెడ్డవాడు కాదు, మొండివాడు. చివరికి ఫోన్ తీసి స్టేషన్‌కి చేశాడు. "ఆ డేనియల్ని ఇంటికి పంపెయ్యండి. ఊరు దాటొద్దని చెప్పండి. ఆఁ, ఇప్పుడే."

మార్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె అంత తొందరగా ఏడ్చే మనిషి కాదు. ఏడో నెల కడుపుతో గుమ్మంలో కూర్చుని ఉన్న కృప కళ్ళ ముందు మెదిలింది.

"నేను వెళ్ళి తీసుకొస్తానండీ," అన్నాడు ఉమామహేశ్. అతని కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. "మా ఇంటి మూలంగానే ఆయనకి ఇంత అవమానం జరిగింది. బస్సులో పంపడం బాగుండదు. మీకు ఇక్కడ పనుందిగా. స్టేషన్ నుంచి నేరుగా ఇంటి దగ్గర దింపేస్తాను."

"మీ మేలు మరిచిపోను మహేశ్‌గారూ," అంది మార్త మనస్ఫూర్తిగా. చేతులు జోడించింది కూడా.

అతను గబగబా వెళ్ళాడు. సీఐ వేలిముద్రల వాళ్ళని పిలవడానికి బయటికి నడిచాడు. షెడ్డులో మార్త, ఆదిశేషయ్య, దండ వేసిన ఫోటో మిగిలారు. ఫ్యాన్ మళ్ళీ మొదలై, మడతపెట్టిన నేతగుడ్డ అంచు నేలమీద అల్లల్లాడింది.

కారు ఎప్పుడు మారిందో ఖాయంగా తేల్చుకోవాలని మార్త మళ్ళీ కింద కూర్చుంది. ముసలాయన చెప్పినదాన్ని బట్టి వాళ్ళు ఆస్పత్రిలో ఉన్న నెలలోనే మారి ఉండాలి. అంటే మొన్న దసరాకి ఇక్కడున్నది ఈ కారే. మరి ఈ కారు తొక్కిన నిమ్మకాయల మచ్చ, ఈ వెనక టైర్లకి సరిగ్గా ఎదురుగా కొత్తగా పడి ఉండాలిగా? ఫోన్ లైటు వేసి చూసింది. వెనక టైర్ల ఎదుట రాయి అద్దంలా మెరుస్తోంది. ముందుకి వెళ్ళి చూసింది. అక్కడ పాత మచ్చ మీద కొత్త మచ్చ స్పష్టంగా ఉంది.

"ఈ దసరాకి వెనక చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టలేదా సార్?"

"పెట్టారమ్మా. నాలుగూ పెట్టాలిగా." ఆదిశేషయ్య నీరసంగా కుర్చీలో కూలబడ్డాడు. "అబ్బాయి లేడని నేనే మనుషుల్ని పిలిచి తోయించబోయాను. అల్లుడుగారు వద్దని, తనే దగ్గరుండి చేయించారు. రాయి పాడైపోతోందని నిమ్మకాయల కింద ప్లాస్టిక్ షీటు ముక్కలు కూడా పరిచారు."

మార్త ఫోన్ లైటు మళ్ళీ వెనక చక్రాల వైపు తిప్పింది. "నాలుగింటి కిందా పరిచారా?"

"లేదు. వెనకవాటికే. ముందు కూడా వెయ్యండి బాబూ అంటే, ముందువాటికి అక్కర్లేదు మావయ్యగారూ అన్నారు."

ముందు చక్రాలు పాత మచ్చల మీదే పడతాయని అతనికి తెలుసు. వెనకవి పడవనీ తెలుసు.

"మీరు హైదరాబాదులో ఉన్న నెల్లాళ్ళూ ఈ షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అడుగుతూనే లేచి నిలబడింది మార్త.

"ఇంకెవరి దగ్గరుంటుందమ్మా? అల్లుడుగారి దగ్గరే."

మార్త చెప్పులు వేసుకోలేదు. బురదలో వట్టి కాళ్ళతో పరుగెత్తింది. కారు క్లాసిక్ కాదని, దానికి విలువే లేదని అన్నవాడే దాన్ని ఎత్తుకుపోయి ఎక్కడో దాచాడు. తాళాలు రెండిట్లో ఒకటి శవం జేబులో, ఒకటి ముసలాయన మొలతాడుకి. తాళం లేని కారుని ఎవరూ కొనరు. ఆ తాళాన్ని పుట్టించగల మనిషి ఎవరో, ఎంతసేపట్లో పుట్టించగలడో, ఇందాక అతని పక్కనే నిలబడి గొంతెత్తి చెప్పింది ఎవరు?

"సీఐగారూ! స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి! డేనియల్ని పంపొద్దని చెప్పండి!"

"ఇందాక పంపమన్నారు, ఇప్పుడు..." అనబోయిన రామకోటేశ్వరరావు ఆమె మొహం చూసి నోరు మూసుకుని ఫోన్ కలిపాడు. అవతలి మాట విన్నాడు. ఫోన్ మెల్లిగా దించాడు. "పెద్దాయన అల్లుడు వచ్చి ఎక్కించుకెళ్ళారంట. అప్పుడే వెళ్ళిపోయారంట."

సరిగ్గా అప్పుడే మార్త ఫోన్ మోగింది. కృప. నిన్నటి నుంచి ఒక్కసారి కూడా వినపడని సంతోషం ఆ గొంతులో పొంగిపోతోంది.

"అక్కా! వదిలేశారంట! డేనియల్ ఇప్పుడే ఫోన్ చేశాడు. మహేశ్‌గారి కార్లోనే ఉన్నాడంట."

"ఎక్కడున్నారే? ఎటు వెళుతున్నారో చెప్పాడా?"

"చెప్పలేదక్కా, వెంటనే పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచాఫ్ వస్తోంది. సాయిగణేష్ బాబు అసలు కారు దొరికిందంట! తాళం లేక ఎక్కడో అలాగే పడుందంట పాపం. ఒక్క అరగంట పని, అది చేసిపెట్టి వచ్చేస్తా అన్నాడు. చిన్నపిల్లాడిలా ఎంత సంబరపడిపోతున్నాడో తెలుసా? నువ్వేనంటగా అక్కా మహేశ్‌గారికి చెప్పింది, ఆ పని మా ఆయనొక్కడికే వచ్చని?"